షోరూమ్‌లో బేరం: స్పోర్ట్స్ కారు ధరలో ఎవరి వాటా ఎంత?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఖరీదైన కార్ల ధరల గురించినవే. నగరంలో రెండు తలుపుల కార్లు, వేగం కోసమే తయారైన సెడాన్లు కొనేవారి సంఖ్య పెరుగుతోంది కానీ, కొటేషన్ కాగితాన్ని చదివే అలవాటు ఇంకా పెరగలేదు. ఇల్లు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లన్నీ తిరగేసే మనం, అర కోటి దాటిన కారుకు మాత్రం కాగితం చివర ఉన్న మొత్తాన్ని చూసి ఊరుకుంటున్నాం. అందుకే మొదటి ఉత్తరానికి కొంచెం పెద్ద జవాబే రాస్తున్నాను.

ప్రశ్న: నేను నానక్‌రామ్‌గూడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. స్పోర్ట్స్ కారు కొనాలన్నది నా చిరకాల కోరిక. ఎక్స్-షోరూమ్ ధర (రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు కలపని ధర) 60 లక్షలున్న ఒక పెట్రోల్ కారు నచ్చింది. షోరూమ్ వారిచ్చిన కొటేషన్‌లో ఆన్-రోడ్ ధర, అంటే అన్నీ కలిపి కట్టాల్సింది, 75 లక్షలు దాటింది. తగ్గించమని అడిగితే సేల్స్ మేనేజరు గారు, “ఇందులో మాకు మిగిలేదేమీ లేదు సార్, కంపెనీ ధరే ఇది” అన్నారు. డీలరుకు నిజంగా ఎంత మిగులుతుంది? నేను ఎంతవరకు అడగవచ్చు?

జవాబు: ఆ మేనేజరు గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మీ చేతిలో ఉన్న కాగితం మీది మొత్తంలో డీలరుకు చేరే భాగం మీరు ఊహిస్తున్నదాని కంటే చిన్నది. అయితే అది ఒకే చోట లేదు. ఎక్స్-షోరూమ్ ధరలో కొంత, ఇన్సూరెన్సులో కొంత, లోనులో కొంత, అదనపు సామగ్రిలో కొంత విడివిడిగా ఉంది. మొత్తం మీద ఎంత తగ్గిస్తారని అడిగితే, మొత్తం మీదే కుదరదన్న జవాబు వస్తుంది. పద్దు పద్దుగా అడిగినప్పుడే బేరానికి చోటు దొరుకుతుంది.

ముందు ఎక్స్-షోరూమ్ ధరను విప్పి చూద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్సు తీసేసి 40 శాతం జీఎస్టీ విధిస్తున్నారు; పెట్రోల్ కారు ఇంజను 1200 సీసీ దాటినా, పొడవు నాలుగు మీటర్లు దాటినా అది ఈ శ్రేణిలోకే వస్తుంది. కాబట్టి మీ 60 లక్షల్లో పన్నుకు ముందు విలువ 42 లక్షల 86 వేలు మాత్రమే. మిగిలిన 17 లక్షల 14 వేలు జీఎస్టీ. డీలరు మార్జిన్‌ను ఈ 42 లక్షల 86 వేల మీద లెక్క కట్టాలి గానీ, 60 లక్షల మీదో, 75 లక్షల మీదో కాదు. మన దేశంలో కొత్త కార్ల మీద డీలరు మార్జిన్ సాధారణంగా పది శాతానికి బాగా తక్కువగానే ఉంటుంది. మీ కారు మీద 5 శాతం అనుకుంటే అది 2 లక్షల 14 వేలు, 7 శాతం అనుకుంటే సరిగ్గా 3 లక్షలు. షోరూమ్ అద్దె, సిబ్బంది జీతాలు, మిమ్మల్ని టెస్ట్ డ్రైవ్‌కు తీసుకెళ్ళిన కారు ఖర్చు, ఆ మేనేజరు గారికి వచ్చే ఇన్సెంటివ్, అన్నీ అందులోంచే వెళ్ళాలి.

ఇందులో పైకి కనిపించని ఖర్చు ఇంకొకటి ఉంది. డీలరు ఆ కారును కంపెనీ నుంచి డబ్బు కట్టి తెచ్చుకుంటాడు. 5 శాతం మార్జిన్ లెక్కన చూస్తే పన్నుతో కలిపి సుమారు 57 లక్షలు కట్టి ఉంటాడు. ఆ డబ్బు చాలావరకు బ్యాంకు అప్పే. ఏడాదికి 9 శాతం వడ్డీ అనుకున్నా, ఆ ఒక్క కారు యార్డులో నిలబడి ఉన్నందుకు నెలకు 42 వేలకు పైగా వడ్డీ పడుతుంది. నాలుగైదు నెలలు కదలని కారు డీలరు మార్జిన్‌ను దాదాపుగా తినేస్తుంది. అందుకని మీరు మొదట అడగవలసింది “ఎంత తగ్గిస్తారు” అని కాదు, “ఈ కారు ఏ నెలలో తయారైంది, మీ దగ్గరికి ఎప్పుడు వచ్చింది” అని. కొత్తగా ఆర్డరు పెట్టి తెప్పించే కారు మీద అడగడానికీ, యార్డులో దుమ్ము పట్టిన కారు మీద అడగడానికీ చాలా తేడా ఉంది. తయారైన నెల, సంవత్సరం ఆర్‌సీ మీద కూడా ముద్రితమవుతాయి కాబట్టి, రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవారు ముందు చూసేది కూడా అదే. గత సంవత్సరం తయారైన కారును ఈ సంవత్సరం ధరకు ఒప్పుకోవద్దు.

తగ్గింపు ఏ రూపంలో ఇస్తారన్నది కూడా పట్టించుకోవాలి. అమ్మే సమయంలోనే ఇన్వాయిస్‌లో చూపిన డిస్కౌంటుకు జీఎస్టీ కట్టనక్కర్లేదు. మీ ఇన్వాయిస్‌లో లక్ష రూపాయలు తగ్గిందంటే, అందులో డీలరు జేబులోంచి పోయేది సుమారు 71 వేల 400. మిగిలిన 28 వేల 600 తగ్గిన పన్ను. అంటే మీకు లక్ష ఇవ్వడానికి ఆయనకు లక్ష ఖర్చు కాదు. ఈ విషయం తెలిసి అడిగేవారికీ తెలియక అడిగేవారికీ మధ్య తేడాను మేనేజర్లు ఇట్టే గుర్తుపడతారు. లక్ష విలువ చేసే యాక్సెసరీస్ ఉచితమని చెప్పినప్పుడు మాత్రం జాగ్రత్తపడండి. ఆ లక్ష వాటి మీద అచ్చు వేసిన ధర, డీలరుకు పడిన ధర అంతకంటే చాలా తక్కువ. నా సలహా ఎప్పుడూ ఒకటే: ఉచితాలు వద్దు, ఇన్వాయిస్‌లో తగ్గించండి అని చెప్పండి.

డిస్కౌంటులో రెండు పాళ్ళు ఉంటాయి. ఒకటి కంపెనీ ఆ నెలకు ప్రకటించిన స్కీమ్. అది డీలరు సొంత డబ్బు కాదు. రెండోది డీలరు తన మార్జిన్ నుంచి ఇచ్చేది. ఈ రెండింటినీ కలిపి ఒకే మొత్తంగా చెప్పి, అంతా తామే ఇస్తున్నట్టు మాట్లాడడం మామూలే. కంపెనీ స్కీమ్ ఎంత, కార్పొరేట్ ఆఫర్ ఎంత, ఎక్స్‌ఛేంజ్ బోనస్ ఎంత, మీ వంతు ఎంత అని విడివిడిగా రాసి ఇమ్మనండి. మీరు పనిచేసే సంస్థ పేరు కార్పొరేట్ జాబితాలో ఉందేమో చూడమనండి. నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి సంస్థల్లో చాలా వాటికి అలాంటి ఒప్పందాలు ఉంటాయి, అడగనిదే ఎవరూ చెప్పరు.

పాత కారు ఇచ్చేస్తున్నట్టయితే ఆ మాటను కొత్త కారు ధర తేలేవరకు ఎత్తవద్దు. కొత్త దాని మీద లక్ష తగ్గించి పాత దాని విలువలో లక్షన్నర కోయడం షోరూమ్‌కు చాలా సులభం. ముందుగా బయట రెండు చోట్ల పాత కారుకు ధర కట్టించుకుని వెళ్ళండి.

ఇక మీరు పంపిన కొటేషన్ నకలు విషయానికి వస్తాను. ఎక్స్-షోరూమ్ ధర కింద టీసీఎస్ 60 వేలు అని ఉంది. పది లక్షలు దాటిన ఏ కారుకైనా ఆదాయపు పన్ను చట్టం ప్రకారం 1 శాతం ఇలా వసూలు చేయాలి. ఇది ఖర్చు కాదు, మీ పాన్ మీద ముందుగా జమ అయ్యే పన్ను. ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది, రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు లేదా వాపసు తీసుకోవచ్చు. దాని కింద లైఫ్ ట్యాక్స్, అంటే బండికి ఒకేసారి కట్టే రాష్ట్ర పన్ను. ఇరవై లక్షలు దాటిన కార్లకు దీన్ని 2022 మే సవరణలోనే 18 శాతం చేశారు కాబట్టి, ఈ ఒక్క పద్దే మీకు పది లక్షలు దాటుతుంది. మీ పేరు మీద ఇప్పటికే ఒక కారు ఉంటే మరో 2 శాతం పడుతుంది. ఇందులో బేరం లేదు. కానీ ఆ పద్దుకు “లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇతరాలు” అని పేరు పెట్టి గుండుగుత్త మొత్తం వేశారు చూశారా, అక్కడ ఆగండి. కారు రిజిస్ట్రేషన్ ఫీజు 600 రూపాయలు, లోను ఉంటే హైపోథికేషన్ (కారు అప్పు ఇచ్చినవారి తాకట్టులో ఉందన్న) నమోదుకు 1,500. రవాణా శాఖ లెక్క ప్రకారం మీ కారుకు పడే పన్నును చూసుకుని, ఈ ఫీజులూ కార్డు ఖర్చూ కలిపితే వచ్చే మొత్తానికీ ఆ కాగితం మీది మొత్తానికీ తేడా వేలల్లో ఉంటే, ఆ వేలు ఎందుకని అడగండి. ఫ్యాన్సీ నంబరు కావాలనుకుంటే దాని ఖర్చు వేలంలో వేరేగా తేలుతుంది; దాన్ని ఇందులో కలపనివ్వకండి.

ఆ కింద వరసగా ఎక్స్‌టెండెడ్ వారంటీ, సర్వీస్ ప్యాకేజీ కలిపి 85 వేలు. యాక్సెసరీస్ కిట్ 35 వేలు. సిరామిక్ కోటింగ్ 30 వేలు. హ్యాండ్లింగ్ చార్జీలు 15 వేలు అని ఉన్నాయి. హ్యాండ్లింగ్ చార్జీలు కట్టవద్దు. కారును షోరూమ్ దాకా తేవడం డీలరు పని, దాని ఖర్చు ఎక్స్-షోరూమ్ ధరలోనే ఉంది. ఈ మాట మర్యాదగా, గట్టిగా చెప్తే చాలాసార్లు అక్కడికక్కడే కొట్టేస్తారు. కోటింగ్ మీకు కావాలంటే నగరంలో అదే పని చేసే వర్క్‌షాపులు ఎన్నో ఉన్నాయి, వాళ్ళ ధర కూడా కనుక్కుని పోల్చుకోండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ మాత్రం స్పోర్ట్స్ కారుకు తీసుకోవలసిందే అంటాను. టర్బో, గేర్‌బాక్స్, ఎలక్ట్రానిక్ సస్పెన్షన్‌లలో ఏ ఒక్కటి పాడైనా మరమ్మతు లక్షల్లో ఉంటుంది. కాబట్టి దాన్ని వదులుకోకుండా, దాని ధరనే బేరంలో పెట్టండి.

ఇంతకీ ఎంత అడగాలి? కారు నిలవ ఉన్నదై, దాని వెనక కంపెనీ స్కీమ్ కూడా ఉంటే, అన్నీ కలిపి ఇన్వాయిస్‌లో రెండు నుంచి మూడు లక్షల తగ్గింపు అడగడం అత్యాశ కాదు. కొత్తగా తెప్పిస్తున్న కారైతే 50 వేల నుంచి లక్ష దాకా అడిగి, వారంటీ మీద, ఇన్సూరెన్సు మీద మిగిలినది రాబట్టుకోవడం మేలు. ఖరీదైన బ్రాండ్లకు హైదరాబాద్‌లో చాలావరకు ఒకరిద్దరు డీలర్లే ఉంటారు కనుక, బెంగళూరు, చెన్నై డీలర్ల నుంచి కూడా ఈ-మెయిల్‌లో ధర తెప్పించుకోండి. మీరు అక్కడ కొనకపోయినా ఆ కాగితం ఇక్కడ పనికొస్తుంది.

సమయం విషయంలో మన పంచాంగం మీకు తోడ్పడుతుంది. ఆషాఢంలోనూ, మూఢాల్లోనూ, సంక్రాంతికి ముందు శూన్యమాసంలోనూ బండి ఇంటికి తెచ్చుకోవడానికి మనవాళ్ళు వెనకాడతారు. దసరాకూ, ధనత్రయోదశికీ, ఉగాదికీ ఎగబడతారు. జనం ఎగబడే రోజున బేరం జరగదు. మూఢం రోజుల్లో ధర తేల్చుకుని రాతపూర్వకంగా తీసుకోండి, డెలివరీ మంచి ముహూర్తానికి పెట్టుకోండి. దీనికి అభ్యంతరం చెప్పే డీలరు అరుదు. శూన్యమాసం ఎప్పుడూ డిసెంబరు, జనవరి ప్రాంతంలోనే వస్తుంది. ఏడాది మారితే పాత స్టాకు విలువ పడిపోతుందన్న తొందర డీలరుకు ఉండేది కూడా అప్పుడే.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. ఈ మధ్య అక్కడ ఒక స్పోర్ట్స్ కారును ‘ఇన్వాయిస్ ధర’ కంటే తక్కువకే కొన్నానని చెప్పాడు. మా అల్లుడు గారు ఇక్కడ కొనబోతున్నారు. ఆయన్ను కూడా డీలర్ ఇన్వాయిస్ అడగమంటున్నాడు. ఇక్కడ అడిగితే షోరూమ్ వాళ్ళు వింతగా చూశారట. ఇక్కడ ఆ పద్ధతి లేదా? (హబ్సిగూడ నుంచి ఒక తల్లి)

జవాబు: లేదమ్మా. మీ అబ్బాయి చెప్పినది అక్కడికి నిజమే. అమెరికాలో 1958లో వచ్చిన ఒక చట్టం ప్రకారం ప్రతి కొత్త కారు అద్దం మీద కంపెనీ సూచించిన ధర, అమర్చిన ఆప్షన్లు, రవాణా ఖర్చు విడివిడిగా రాసిన స్టిక్కరు ఉండాలి. ఆ చట్టం తెచ్చిన సెనేటరు మన్రోనీ పేరుతోనే దాన్ని పిలుస్తారు. అది సూచించిన ధర మాత్రమే. డీలరు అంతకు తక్కువకైనా అమ్మవచ్చు, గిరాకీ ఉన్న స్పోర్ట్స్ కారు అయితే పైన మార్కప్ వేసి ఎక్కువకైనా అమ్మవచ్చు. కంపెనీ డీలరుకు వేసే ఇన్వాయిస్ ధరలు కూడా అక్కడ కొనుగోలుదారులకు సులభంగా దొరుకుతాయి.

ఇన్వాయిస్ కంటే తక్కువకు అమ్మినా డీలరు నష్టపోడు. కారు అమ్ముడైన తర్వాత కంపెనీ డీలరుకు కొంత మొత్తం వెనక్కి ఇస్తుంది. దాన్ని హోల్డ్‌బ్యాక్ అంటారు. చాలా కంపెనీల్లో ఇది 2, 3 శాతం దాకా ఉంటుంది. దాని మీద నెలవారీ, త్రైమాసిక లక్ష్యాలకు ఇచ్చే బోనస్‌లు వేరే. అందువల్ల ఇన్వాయిస్ ధరే డీలరు అసలు ఖర్చు అనుకోవడం అక్కడ కూడా పొరపాటే. పన్ను సంగతి కూడా చెప్పాలి. డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో వాహనం మీద అమ్మకపు పన్ను 6.25 శాతం, ఇక్కడ జీఎస్టీయే 40, ఆ పైన లైఫ్ ట్యాక్స్. అక్కడ ధరలో ఎక్కువ భాగం కంపెనీకీ డీలరుకూ చెందుతుంది కాబట్టి బేరమాడడానికి చోటు ఎక్కువ. ఇక్కడ ధరలో పెద్ద భాగం ప్రభుత్వానిది. పూర్తిగా విదేశంలో తయారై దిగుమతి అయ్యే కారు అయితే మరీను. 2025 బడ్జెట్ నాటికి 40 వేల డాలర్లు దాటిన కారు మీద దిగుమతి సుంకమూ సెస్సూ కలిపి 110 శాతం, ఆ మొత్తం మీద మళ్ళీ జీఎస్టీ.

మన దేశంలో కంపెనీకీ డీలరుకూ మధ్య లెక్క బయటికి రాదు. అంతేకాక, డీలరు తనకు తానుగా ఎక్కువ తగ్గించాలనుకున్నా కంపెనీలు ఒప్పుకోని సందర్భాలున్నాయి. తాము అనుమతించిన దాని కంటే ఎక్కువ డిస్కౌంటు ఇచ్చే డీలర్లకు జరిమానాలు వేస్తోందని, కొనుగోలుదారుల వేషంలో మనుషులను పంపి పట్టుకుంటోందని తేల్చి, 2021 ఆగస్టు 23న కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ) మారుతీ సుజుకీకి 200 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ సంస్థ దాని మీద అప్పీలుకు వెళ్ళింది. అది చిన్న కార్ల వ్యవహారమే అయినా, షోరూమ్‌లో కుర్చీలో కూర్చున్న మనిషి చేతులు ఎంతవరకు కట్టి ఉంటాయో దాన్నిబట్టి తెలుస్తుంది. కాబట్టి మీ అల్లుడు గారిని డీలర్ ఇన్వాయిస్ అడగడం మాని, పైన చెప్పినట్టు జీఎస్టీ తీసేసిన విలువ మీద మార్జిన్ అంచనా వేసుకుని మాట్లాడమనండి.

ప్రశ్న: నేను అడిగిన ఒక షోరూమ్‌లో రూపాయి కూడా తగ్గదన్నారు. ఇంకో బ్రాండు షోరూమ్‌లో కార్లన్నీ అయిపోయాయని, పైన కొంత ఇస్తే వేరేవాళ్ళ బుకింగ్ ఇప్పిస్తామని అన్నారు. ఇద్దరూ మోసమేనా? షోరూమ్ టెస్ట్ డ్రైవ్ కార్లు కొనవచ్చా? (కూకట్‌పల్లి)

జవాబు: మొదటివారిది మోసం కాకపోవచ్చు. ఉదాహరణకు మెర్సిడెస్-బెంజ్ 2021 అక్టోబరు నుంచి మన దేశంలో కార్లను తానే నేరుగా కొనుగోలుదారుడికి అమ్ముతోంది. స్టాకు కంపెనీదే, ఇన్వాయిస్ కంపెనీదే, దేశమంతా ఒకే ధర. షోరూమ్ నడిపేవారికి కారుకింత అని కమిషన్ వస్తుంది. అక్కడ సేల్స్ మేనేజరుతో ధర గురించి వాదించడం వల్ల ఇద్దరికీ సమయం వృథా. పాత కారు విలువ, ఇన్సూరెన్సు, లోను వడ్డీ, వీటి మీద మాట్లాడుకోండి.

రెండో సంగతి వేరు. కొన్ని కార్లు మన దేశానికి వచ్చేదే కొద్ది సంఖ్యలో. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 2025లో వందే వచ్చాయి; 49 లక్షల 99 వేల ధరకు అమ్మకాలు అధికారికంగా మొదలయ్యేలోపే అన్నీ బుక్ అయిపోయాయి. అలాంటి కారుకు తగ్గింపు అడగడం దండగ. కానీ ఇన్వాయిస్‌లో రాని డబ్బు పైన ఇవ్వడం మాత్రం చేయకండి. ఆ డబ్బుకు రసీదు ఉండదు, ఇన్సూరెన్సులో విలువ ఉండదు, కారు రాకపోతే అడగడానికి మీ చేతిలో కాగితం ఉండదు. వేరొకరి పేరున బుక్ అయిన కారు వారి పేరునే రిజిస్టరైతే మీరు రెండో ఓనరు అవుతారు. కొత్త కారు ధర పెట్టి సెకండ్ హ్యాండ్ కారు కొన్నట్టే. ఇంకా నాలుగు నెలలు ఆగగలిగితే ఆగండి, లేదా వేరే కారు చూసుకోండి.

షోరూమ్ టెస్ట్ డ్రైవ్ కార్ల గురించి కూడా అడిగారు. ఏడాది లోపే వాటిని మంచి తగ్గింపుతో అమ్మేస్తారు. అయితే అవి డీలరు పేరున రిజిస్టరై ఉంటాయి కాబట్టి మీరు రెండో ఓనరే. స్పోర్ట్స్ కారును టెస్ట్ డ్రైవ్‌లో ఎలా నడుపుతారో చెప్పనక్కర్లేదు. క్లచ్, బ్రేకులు, టైర్లు స్వతంత్రంగా తనిఖీ చేయించకుండా దాని జోలికి వెళ్ళవద్దు.

ప్రశ్న: ఇన్సూరెన్సు బయట తీసుకుంటే డిస్కౌంటు రద్దు చేస్తామంటున్నారు. ఇలా అనవచ్చా? (ఎల్‌బీ నగర్)

జవాబు: ఇన్సూరెన్సు ఎక్కడ తీసుకోవాలన్నది మీ ఇష్టం, ఫలానా చోటే తీసుకోవాలని డీలరు బలవంతం చేయడానికి నియంత్రణ సంస్థ నిబంధనలు ఒప్పుకోవు. అయినా వాళ్ళు పట్టుబట్టేది ఎందుకంటే పాలసీ మీద డీలరుకు ఆదాయం ఉంది. కారు మీద మిగలనిది ఇక్కడ మిగులుతుంది. అందువల్ల దీన్ని గొడవగా కాక బేరంగానే చూడండి.

ప్రీమియంలో రెండు భాగాలుంటాయి. కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ పాలసీ (మీ కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) తప్పనిసరి. 1500 సీసీ దాటిన ప్రైవేటు కారుకు 2022 జూన్‌లో నిర్ణయించిన ప్రకారం ఇది 24,596 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఎక్కడ కొన్నా అంతే. మారేది రెండో భాగం, అంటే మీ కారుకు జరిగే నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ ప్రీమియం. ఒకే ఐడీవీ (పాలసీలో కారుకు కట్టిన విలువ), ఒకే యాడ్-ఆన్లు (అదనపు రక్షణలు) పెట్టి బయట రెండు కంపెనీల ధర తీసుకుని షోరూమ్ ముందు పెట్టండి. తగ్గిస్తే అక్కడే తీసుకోండి. క్లెయిమ్ వచ్చినప్పుడు డీలరు వర్క్‌షాపులో నగదు కట్టకుండా పని జరగడం కూడా ఒక సౌకర్యమే. తక్కువ ప్రీమియం చూపించడానికి ఐడీవీ తగ్గించారేమో మాత్రం తప్పక చూడండి.

స్పోర్ట్స్ కారుకు యాడ్-ఆన్లలో జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగు కోయకుండా ఇచ్చేది), రిటర్న్ టు ఇన్వాయిస్ (కారు పూర్తిగా పోతే ఇన్వాయిస్ విలువ ఇచ్చేది), ఇంజన్ ప్రొటెక్షన్ మూడూ ఉండాలి. మన ఊళ్ళో ఒక్క గట్టి వాన పడితే అండర్‌పాస్‌లలో నీళ్ళు నిలుస్తాయి. నేలకు అంత దగ్గరగా ఉండే కారు ఇంజనులోకి నీరు వెళితే మామూలు పాలసీ ఆ నష్టాన్ని ఇవ్వదు.

ప్రశ్న: ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కారు అయితే పన్నులు తక్కువని విన్నాను. నిజమేనా? (మణికొండ)

జవాబు: నిజమే, తేడా కూడా చాలా పెద్దది. ఎలక్ట్రిక్ కార్ల మీద జీఎస్టీ 5 శాతమే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు వాటికి లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. 2025 జూలైలో సుమారు 75 లక్షల ఎక్స్-షోరూమ్ ధరతో వచ్చిన ఎంజీ సైబర్‌స్టర్‌నే తీసుకుంటే, హైదరాబాద్‌లో దాని ఆన్-రోడ్ ధర మొదటి ఉత్తరం రాసిన పాఠకుడి 60 లక్షల పెట్రోల్ కారు ఆన్-రోడ్ ధరకు దగ్గరగానే వస్తుంది. ఈ కారణంగా గడువు దగ్గరపడే కొద్దీ డీలర్లు తొందరపెడతారు. మినహాయింపు వర్తించాలంటే గడువులోగా రిజిస్ట్రేషన్ జరగాలి, బుకింగ్ చేస్తే చాలదు. డెలివరీ తేదీ గురించి నోటి మాట నమ్మకుండా రాయించుకోండి.

ప్రశ్న: వేరే రాష్ట్రంలో రిజిస్టర్ చేయిస్తే లైఫ్ ట్యాక్స్‌లో లక్షలు మిగులుతాయని మా బావగారు అంటున్నారు. చేయవచ్చా? (సైనిక్‌పురి)

జవాబు: మీరు ఉండేది సైనిక్‌పురిలో అయినప్పుడు చేయకూడదు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, వేరే రాష్ట్రం బండిని ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి. అక్కడ లేని చిరునామా చూపించి రిజిస్టర్ చేయించడం నేరం. ఇలాంటి ఖరీదైన కార్ల మీద రవాణా శాఖ నిఘా కూడా ఎక్కువే.

ప్రశ్న: ధర తేలింది. రెండు లక్షలు అడ్వాన్సు కట్టమంటున్నారు. కట్టే ముందు ఏమేమి రాయించుకోవాలి? (కొంపల్లి)

జవాబు: బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో “డెలివరీ రోజున ఉన్న ధరే వర్తిస్తుంది” అన్న వాక్యం దాదాపు ప్రతి చోటా ఉంటుంది. అంటే మీరు ఇంత శ్రమపడి తేల్చుకున్న ధర కంపెనీ జనవరిలో ధరలు పెంచగానే చెల్లదు. ఆ వాక్యం కొట్టేయించడం కష్టమే. కానీ ధర పెరిగితే అడ్వాన్సు మొత్తం ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో, ఒప్పుకున్న డిస్కౌంటు మాత్రం మారదని, ఆ ఫారం మీదే చేతిరాతతో రాయించి డీలర్ ముద్ర వేయించుకోండి. సేల్స్ ఎగ్జిక్యూటివ్ సొంత ఫోనుకు డబ్బు పంపవద్దు, ఎంత నమ్మకమైన మనిషైనా సరే. డీలరు సంస్థ బ్యాంకు ఖాతాకు మాత్రమే పంపి రసీదు తీసుకోండి.

మోడల్, వేరియంట్, రంగు, తయారీ సంవత్సరం, పద్దు పద్దుగా ఒప్పుకున్న మొత్తాలు అన్నీ ఆ ఫారంలో ఉండాలి. కారు యార్డుకు వచ్చిన తర్వాత, మిగతా డబ్బు కట్టకముందే, పగటి వెలుతురులో దాన్ని చూడండి. ఛాసిస్ నంబరు రాసుకోండి. అదే నంబరు ఇన్వాయిస్‌లో, ఫారం 21 (అమ్మకపు పత్రం)లో, ఫారం 22 (కారు రోడ్డుకు తగినదన్న కంపెనీ పత్రం)లో, ఇన్సూరెన్సు పాలసీలో ఉందో లేదో ఒక్కొక్క అంకెగా సరిచూసుకోండి. టైర్ల మీద తయారైన వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటాయి. కారు తయారైన నెలకు, వాటికి పొంతన ఉండాలి. ఓడోమీటరు మీద కొద్ది కిలోమీటర్లు ఉండడం సహజం, వందల్లో ఉంటే కారణం రాసి ఇమ్మనండి. రిజిస్ట్రేషన్ అయిపోయాక ఇవేవీ అడిగి లాభం లేదు, అప్పటికి కారు మీ పేరున ఉంటుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మాట తప్పితే, ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈ-మెయిల్ రాయండి, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షలు దాటితే జిల్లా కమిషన్‌లో కాక రాష్ట్ర కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. ఫిర్యాదుతో పాటు జతచేయవలసింది ముద్ర వేసిన ఆ బుకింగ్ ఫారం, రసీదు, ఈ-మెయిళ్ళ నకళ్ళు కాబట్టి, డెలివరీ రోజు హడావుడిలో వాటిని షోరూమ్‌లో తిరిగి ఇచ్చేయకండి.